నల్లరాయి కింద మెత్తని పొర

భూమికి పునాదులు వేసిన తండ్రికి స్తోత్రం. మనం దున్నే పొలానికీ, పొలం కింద మనం చూడని రాతికీ, రాతి కింద ఎవరూ చూడని చీకటికీ యజమాని ఆయనే. నిప్పును ఏరులా పారనిచ్చినవాడూ ఆయనే, ఇక్కడితో ఆగమని ఆ నిప్పుకు అంచు గీసినవాడూ ఆయనే. నా నోట ఒక అబద్ధం దాగి ఉన్న పద్దెనిమిదేళ్లలో ఒక్కరోజు కూడా నాకు ఊపిరి తగ్గించని దేవునికి మహిమ కలుగును గాక. ఆయన్ని స్తుతించాకే దావీదు మేస్త్రి గురించి మాట్లాడే ధైర్యం నాకు వస్తుంది.

పోయిన నెల బోధన్ అవతల, మంజీర వైపున్న ఒక చెరకు తోటలో బోరు వేస్తున్నారు. భూమిలో నీళ్లు ఎక్కడ ఉంటాయో చూసి చెప్పడం నా ఉద్యోగం కాబట్టి నేనూ అక్కడే నిలబడి ఉన్నాను. బోరు బండి పొద్దున్నుంచీ నల్లని పొడి ఎగజిమ్ముతోంది. అందరి కనుబొమల మీదా బూడిద పేరుకుంది. ఉన్నట్టుండి బండి చప్పుడు మారింది. రాయిని కొరుకుతున్న గరగర పోయి, మట్టిలో దిగబడుతున్న మెత్తదనం వచ్చింది. పొడి తెల్లబడింది. దాంతో పాటు ఒక వాసన, బడిపిల్లల రాతిపలకను తడిగుడ్డతో తుడిచినప్పుడు వచ్చే వాసన. నా చెయ్యి దానంతటదే పైకి లేచింది. ఆపమన్నాను. డ్రైవరు ఆపి, నీళ్లు ఇంకా తగల్లేదు కదా మేడమ్ అని వింతగా చూశాడు. ఆరంగుళాల బొరియలోకి మనిషి దిగలేడని నాకు తెలుసు. అయినా నా కళ్లు ఆ బొరియ చుట్టూ నేల మీద చెప్పుల కోసం వెతుకుతున్నాయి. ఆ వాసన నన్ను ఎప్పుడూ ఒకే చోటికి తీసుకుపోతుంది: మా సంఘం ఆవరణలోని బావి ఒడ్డుకు, ఆ గడ్డ మీదికి.

దావీదు మేస్త్రిని మీలో ఎవరూ చూసి ఉండరు. బోధన్ చుట్టుపక్కల పల్లెల్లో బావులు తవ్విన మనిషి ఆయన. మా మెథడిస్టు సంఘంలో పెద్ద. పొట్టి మనిషి. రాయి పగలగొట్టడానికి పెట్టే మందు పేలుళ్లకు ఆయన కుడి చెవి ఎప్పుడో మొద్దుబారిపోయింది. అందుకని ఎవరితో మాట్లాడినా మెడ ఒక పక్కకు వంచి, ఎడమ చెవి ఇచ్చేవాడు. మా బాపు చక్కెర ఫ్యాక్టరీలో చెరకు బండ్లు తూచే కాటా దగ్గర పని చేసేవాడు. ఫ్యాక్టరీలో చెరకు ఆడని ఎండాకాలం నెలల్లో మేస్త్రి దగ్గర బావి క్రేన్ నడిపేవాడు. సెలవు రోజుల్లో బాపుకు సద్ది పట్టుకొని బావి దగ్గరికి పోయినప్పుడు నేను మేస్త్రి పని చూసేదాన్ని. ఆయనను తాతా అని పిలిచేదాన్ని.

ఆయన బావి దగ్గర ఒక కట్టుబాటు ఉండేది. లోపలికి దిగే ప్రతి మనిషీ తన చెప్పులు గడ్డ మీద విడవాలి. అదీ ముందుభాగం బయటికి ఉండేలా, వరుసగా. పైకి వచ్చినవాడు తన చెప్పులు తొడుక్కుని పక్కకు నడవాలి. కాబట్టి గడ్డ మీద ఎన్ని జతలు ఉంటే లోపల అంతమంది ఉన్నట్టు. మేస్త్రి జత అందరికంటే ముందు విడిచేది, అందరికంటే చివర తొడిగేది. ఎవరైనా పరధ్యానంగా చెప్పులు బావి వైపుకు విడిస్తే ఆయన వంగి, తానే తిప్పి పెట్టేవాడు. ఎందుకలా అని ఒకసారి అడిగాను.

“లోపలికి మొగం వెడితే మనిషి దిగిపోతున్నట్టు ఉంటది బిడ్డా. బయటికి వెడితే ఎక్కి ఇంటికి పోతున్నట్టు ఉంటది,” అన్నాడు.

ఆయన దగ్గర మూరెడు పొడవున్న ఒక ఇనుప సలాక ఉండేది. రోజూ పొద్దున ముందు తానొక్కడే దిగి, బావి గోడ చుట్టూ దానితో తట్టుకుంటూ, ఎడమ చెవి రాతికి ఆనించి వినేవాడు. మంచి రాయి బడి గంటలా ఖంగుమంటుంది. లోపల పగులు ఉన్న రాయి తడిసిన చెక్కలా పలుకుతుంది. ఒకసారి కూలిపోయిన పాత బావి అంచున నాతో కూడా రాయికి చెవి పెట్టించాడు. సలాకతో రెండు చోట్ల తట్టి, రెండో చప్పుడు నాకు బాగా వినిపించిందో లేదో అడిగి, “గది యాది పెట్టుకో. గది భయపడాల్సిన సప్పుడు,” అన్నాడు. నీకు భయం కాదా తాతా అంటే ఆయన నవ్వలేదు. భయం లేనివాణ్ణి తాను బావిలో దించనన్నాడు. అలాంటివాడు తాను చావడమే కాదు, పక్కవాణ్ణి కూడా చంపుతాడన్నాడు. దేవుని భయం గురించి సండేస్కూలులో ఎన్నో మాటలు వల్లె వేశాను కానీ, ఆ మాటకు బరువు ఉంటుందని ఆ రోజే తెలిసింది.

ఇంకొకటి కూడా ఆ రోజుల్లోనే చూశాను. దిగే ముందు అందరూ గడ్డ మీద నిలబడి చిన్న ప్రార్థన చేసేవారు. అందరి కళ్లూ మూసుకుని ఉంటే మేస్త్రి కళ్లు మాత్రం తెరిచే ఉండేవి. నేను పట్టేశాను. నువ్వు కండ్లు మూసుకోలేదని అంటే, “నువ్వు మూసుకుంటే గా సంగతి నీకెట్ల ఎరుకైంది?” అన్నాడు. బాపూ మిగతావాళ్లూ పగలబడి నవ్వారు. నవ్వులు ఆగాక మేస్త్రి నన్ను పక్కకు పిలిచి మెల్లగా చెప్పాడు. “బావి గడ్డ మీద ఒక్కరన్న కండ్లు తెరిసి ప్రార్థన జెయ్యాలె. దేవుడేమనుకోడు.”

నేను రాళ్ల గురించే చదువుకోవాలనుకోవడానికి ఆయనే కారణం. హైదరాబాదులో ఎమ్మెస్సీ చదివేటప్పుడు మొదటి ఏడాదే నాకొక భయం పట్టుకుంది. మా నేల కింది నల్లరాయి ఒకప్పుడు కరిగిన నిప్పు అని అక్కడ చెప్పారు. పడమటి తీరాన ఖండం చీలిపోతున్న కాలంలో భూమి పగుళ్లలోంచి ఆ నిప్పు వరదలా పొంగిందట. ఒకసారి కాదు, ఎన్నోసార్లు. ఒక పొంగు చల్లారాక ఎంతోకాలం నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో చల్లారిన రాతి మీద చెరువులు ఏర్పడి, ఒండ్రు పేరుకొని, నత్తలు బతికేవి. తర్వాత మళ్లీ నిప్పు వచ్చి వాటన్నిటినీ కప్పేసేది. ఆ నిప్పు తూర్పున వచ్చి ఆగిన అంచుల్లో మా బోధన్ ప్రాంతం ఒకటి. అక్కడి నుంచి నిజామాబాద్ వైపు పోతే ఇంకా పాతదైన గుండ్రాయి, అంటే గ్రానైటు, మొదలవుతుంది. ఇదంతా కోట్ల సంవత్సరాల కిందటి సంగతి. ఆ కోట్లు వింటుంటే నాకు కాళ్ల కింద నేల లేనట్టు ఉండేది. చిన్నప్పటి నుంచి మందిరంలో విన్నదానికీ దీనికీ మధ్య నేను పడిపోతానని, పడిపోయానని ఇంట్లో తెలిస్తే ఇంక ముఖం చూపించలేనని భయపడ్డాను. రాత్రిపూట పుస్తకం మూసి మోకరించేదాన్ని గానీ ఏమని అడగాలో తెలిసేది కాదు.

సెలవులకు వచ్చినప్పుడు ఆ భయం మేస్త్రికి మాత్రం, ఆయన ఇంటి అరుగు మీద కూర్చుని చెప్పుకున్నాను. ఆయన అంతా విని, లేచి ఇంట్లోకి పోయి, ఒక పాత తీపి బిళ్లల డబ్బా తెచ్చాడు. మూత తీస్తే లోపల దూదిలో గోరంత గుల్లలు ఉన్నాయి. రాయిగా మారిన నత్తలు. నల్లరాయి కింద, మెత్తని తెల్లమట్టి పొరలో దొరికాయట. ముప్పై ఏళ్లుగా ఆయన వాటిని ఎవరికీ చూపలేదు. నల్లరాయి కింద నత్తలు ఎట్లా వచ్చాయని ఎవరైనా అడిగితే చెప్పలేడు. ఆ ప్రశ్న వల్ల ఎవరి విశ్వాసమన్నా కదిలితే ఆ పాపం తనకు చుట్టుకుంటుందని ఆయన భయం. మేమిద్దరం ఒకే భయాన్ని చెరో చోట దాచుకున్నామని ఆ అరుగు మీద తెలిసింది. నేను చదివింది ఆయనకు చెప్పాను. ఆయన ఒక గుల్లను అరచేతిలో పెట్టుకొని చాలాసేపు చూశాడు.

“నడుమ ఎంతకాలం ఊకున్నది నిప్పు?”

వేల ఏండ్లు, ఒక్కోచోట ఇంకా ఎక్కువ అన్నాను.

“మల్ల వస్తదని గీ నత్తలకు ఎరుకలే గదా,” అన్నాడు. గుల్లను మళ్లీ దూదిలో పెట్టి, “ఎన్ని కోట్లయితేంది బిడ్డా. మనం లేనప్పుడు గూడ ఆయన పని ఆపలే. గంతే. నేనైతే గా కోట్లకు భయపడ. గీ నత్తల నిమ్మలానికి భయపడుత,” అన్నాడు.

ఆ సాయంత్రం నా విశ్వాసం నిలబడింది. ఆయన చెప్పిన రెండో మాటను మాత్రం నేను పట్టించుకోలేదు.

చదువు ముగించుకొని వచ్చిన ఎండాకాలంలో మా సంఘం ఆవరణలోని ఆడపిల్లల హాస్టలుకు నీళ్లు లేకుండా పోయాయి. రెండు బోర్లు వేశారు, రెండూ దుమ్మే. పాత బావి ఒకటి ముప్పై అయిదు అడుగుల దగ్గర నల్లరాతి మీద ఎండి ఉంది. పాస్టరు గారు నన్ను పిలిపించి చూపించారు. నేను చుట్టుపక్కల బావులన్నీ తిరిగి చూసి, ఇంకో పదిహేను అడుగులు దింపితే నల్లరాయి అయిపోయి మెత్తని పొర తగులుతుందనీ, అందులో నీళ్లు ఉంటాయనీ గట్టిగా చెప్పాను. మేస్త్రి అప్పటికి అరవై దాటాడు. నీళ్లుండేది నిజమేనన్నాడు. కానీ పైనున్న నల్లరాయి ఆ పొర మీదే కూర్చుని ఉందనీ, కింద మెత్తదనం తీస్తే పైది ఊరికే ఉండదనీ అన్నాడు. మూడడుగులే తీద్దాం, వెంటనే సిమెంటు వరలు దింపుదాం అన్నాను. మా కరుణమ్మ చదువు దేవుని పనికి వచ్చిందని పాస్టరు గారు అందరి ముందూ అన్నారు. నాకు ఒళ్లు పొంగింది. మేస్త్రి నా వైపు మెడ వంచి చూశాడు.

“అయితే గడ్డ మీద నువ్వు నిలబడాలె బిడ్డా. సెప్పుల లెక్క నీది.”

లోపల పని ముగ్గురిది. మేస్త్రి, ఆయన కొడుకు ఏలియా, మోస్రా అనే ఊరి నుంచి వచ్చే సైలు. సైలు మా సంఘం వాడు కాదు. హుషారు మనిషి. కొత్త చెప్పులు కొనుక్కున్నాడు, వాటి మీద అతనికి పంచప్రాణాలు. రోజూ దిగే ముందు నాతో, “అక్కా, నన్ను నీ దేవుడు సూస్కుంటడు గని నా సెప్పులు నువ్వు సూడు,” అనేవాడు. నేను పది రోజులు గడ్డ మీద నిలబడి మూడు జతలు లెక్కపెట్టాను. ముగ్గురు దిగితే మూడు, ఇద్దరు ఎక్కితే ఒకటి. అంత సులువైన పని ఇంకొకటి లేదనిపించింది.

పదకొండో రోజు మధ్యాహ్నానికి బావి అడుగున ఒక పక్క తెల్లని పొర బయటపడింది. క్రేన్ తొట్టిలో పైకి వచ్చిన మొదటి మట్టిని నేను చేతుల్లోకి తీసుకున్నాను. తడి పలక వాసన. మట్టిలో గుల్లలు. పొర లోంచి నీళ్లు ఊరడం మొదలైంది. ఇంకో పక్కన నల్లరాయి అరుగులా మిగిలి ఉంది. దాన్ని పగలగొట్టడానికి రంధ్రాలు వేసి, మందు కూరి, తీగ పైకి లాగారు. పైన ఆ తీగను బ్యాటరీకి తాకిస్తే పేలుతుంది. ముగ్గురూ పైకి వచ్చి చెప్పులు తొడుక్కున్నారు. గడ్డ ఖాళీ అయింది. ఇంతలో నీళ్లు పడ్డాయన్న మాట హాస్టలు దాకా పోయింది. పాస్టరు గారూ స్త్రీల సమాజం వాళ్లూ సంఘంలో సగం మందీ వచ్చేశారు. పేల్చే ముందు కృతజ్ఞతా ప్రార్థన చేద్దామన్నారు.

ప్రార్థన అనగానే మా వాళ్లు చెప్పులు విడుస్తారు. ఇల్లయినా, పొలమైనా, ఎక్కడైనా. నలభై మంది బావి గడ్డ మీదే చెప్పులు విడిచారు. మేస్త్రి, ఏలియా, సైలు కూడా విడిచారు. ఆ గుట్టలో ఏది ఎవరిదో, ఏ ముఖం ఎటుందో తెలియకుండా పోయింది. నాకు మనసులో ఏదో కలుక్కుమంది కానీ అందరూ పైనే ఉన్నారు కదా అనుకున్నాను. సైలు టీ గ్లాసు పట్టుకొని కొంచెం దూరంగా నిలబడ్డాడు. మేస్త్రి పాస్టరు గారి పక్కన మోకరిస్తూ నా వైపు చూసి, జర సూస్కో బిడ్డా అన్నాడు. తర్వాత కళ్లు మూసుకున్నాడు. గడ్డ మీద ఆయన కళ్లు మూసుకోవడం నేను చూడడం అదే మొదటిసారి. నన్ను నమ్మి మూసుకున్నాడు.

పాస్టరు గారి ప్రార్థన సాగింది. దాహంతో ఉన్న పిల్లల కోసం, పని చేసిన చేతుల కోసం దేవుణ్ణి స్తుతించారు. ఆ తర్వాత, ఈ బిడ్డకు ఇచ్చిన జ్ఞానం కోసం నీకు స్తోత్రం ప్రభువా అని నా పేరు చెప్పారు. నా పేరు వినగానే నా కళ్లల్లో నీళ్లు నిండాయి, కళ్లు మూసుకున్నాయి. నా అంతట నేనే మూసుకున్నాను. అది భక్తి అనే చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. అది గర్వం.

ఆ కొద్ది నిమిషాల్లో సైలుకు మేస్త్రి సలాక అడుగునే మరిచిపోయామని గుర్తొచ్చింది. పేల్చితే అది ముక్కలైపోతుంది. ఎవరి ప్రార్థనా చెడగొట్టడం ఎందుకని గ్లాసు కింద పెట్టి, అడుగుల చప్పుడు కాకుండా తాళ్ల నిచ్చెన దిగిపోయాడు.

ఆమేన్ అన్నాక డోలక్ మోగింది. అందరూ పాట అందుకొని, చెప్పులు తొడుక్కుంటూ, పేలుడుకు దూరంగా హాస్టలు వరండా వైపు నడిచారు. మేస్త్రి బ్యాటరీ పక్కన కూర్చున్నాడు. ఏలియా క్రేన్ దగ్గరికి పోయాడు. మేస్త్రి మెడ వంచి ఎడమ చెవి నాకు ఇచ్చాడు.

“లోపట ఎవలన్న ఉన్నరా?”

నేను గడ్డ మీద చూశాను. మేస్త్రి, ఏలియా తమ జతలు అప్పటికే తొడుక్కున్నారు. ఇంకొక్క చెప్పు కూడా లేదు. బావిలోకి వంగి చూడలేదు.

“ఎవ్వలు లేరు తాతా,” అన్నాను.

ఆయన ఒక తీగను బ్యాటరీకి చుట్టాడు. పేల్చే ముందు గడ్డ రాతి మీద సలాకతో మూడుసార్లు కొట్టడం ఆయన అలవాటు. ఎడమ చెయ్యి పక్కకు చాచి తడిమాడు. సలాక లేదు. అది కిందనే ఉండిపోయిందనీ, దాని కోసం ఎవరో దిగి ఉంటారనీ తట్టి, ఆ చెయ్యి నేల మీద అట్లాగే ఆగిపోయింది. ఆయన ముఖంలోకి ఆ క్షణం వచ్చిన భయాన్ని నేను ఈ జన్మలో మరిచిపోలేను. చుట్టిన తీగను లాగిపారేసి, బ్యాటరీని ఎత్తి నా చేతుల్లో పెట్టి, ఇది ఎవ్వలికీ ఇయ్యకు అని, బావి మీదికి వంగాడు.

అడుగున సైలు ఉన్నాడు. నీళ్లతో నానిన తెల్లపొరలో ఒక కాలు మోకాలి దాకా దిగబడింది. పైనుంచి ఒక రాయి జారి ఆ కాలి మీద పడింది. మందు కూరిన అరుగు అతనికి నాలుగు అడుగుల దూరంలో ఉంది. పాట చప్పుడులో అతని కేకలు మాకు వినబడలేదు. మేస్త్రి చెప్పులు విడిచి నిచ్చెన దిగాడు. ఆ తొందరలో కూడా వాటిని బయటికి ముఖం పెట్టి విడిచాడు.

నేను బ్యాటరీని పొట్టకు అదుముకొని గడ్డ మీద కూర్చున్నాను. అది పసిబిడ్డంత బరువు ఉంది. నల్లరాతి గోడ లోంచి చిన్న చిన్న రాళ్లు రాలి నీళ్లలో పడుతున్న చప్పుడు పైకి వస్తోంది. ఒకటి. ఆగి ఇంకొకటి. ప్రార్థన చేద్దామంటే కళ్లు మూసుకోవడానికి భయం వేసింది. రెప్ప వేస్తే వాళ్లిద్దరూ పోతారన్నట్టు అట్లాగే చూస్తూ ఉన్నాను. మేస్త్రి సలాకను రాతి కింద దూర్చి ఎత్తడం, సైలు చంకల కింద తాడు కట్టడం, తొట్టి ఊగుతూ లేవడం, అంతా చూశాను. సైలు పైకి వచ్చాడు. తర్వాత ఆ తడిసిన చెక్క చప్పుడు వినిపించింది, చిన్నప్పుడు ఆయన నాకు వినిపించిందే. గోడ లోంచి బండ ఒకటి విడిపోయి పడింది. ఆయన పక్కకు తప్పుకున్నాడు కానీ కుడి చెయ్యి తప్పించలేకపోయాడు. మందు పేలలేదు. దేవునికి స్తోత్రం, మందు పేలలేదు. మేస్త్రి అందరికంటే చివర పైకి వచ్చాడు.

నిజామాబాద్ ఆసుపత్రిలో సైలు కాలికి కట్టు కట్టారు. మేస్త్రి కుడి చేతికి మూడు వేళ్లు తీసేశారు. మర్నాడు సంఘపెద్ద ఒకాయన సైలు కొత్త చెప్పులు చేతపట్టుకొని వచ్చాడు. తనవీ అలాంటివేనట, వాటిని హాస్టలు వరండా దగ్గరే విడిచి వచ్చిన సంగతి మరిచి ఇవి తొడుక్కుపోయాడట. అప్పుడు పాస్టరు గారు లెక్క ఎవరు చూశారని అడిగారు. నేను మంచం కాళ్ల వైపు నిలబడి ఉన్నాను. నోరు తెరిచాను. మేస్త్రి నా వైపు చూడకుండానే మెల్లగా చెప్పాడు.

“లెక్క నాది అయ్యగారు. నేనే తప్పిన.”

నేను నోరు మూసుకున్నాను. అంతే. నా జీవితంలో నేను చేసిన పెద్ద పని ఏదంటే అదే.

మర్నాటికి బావిలో ఛాతీ లోతు నీళ్లు నిలిచాయి. వేరే మేస్త్రులు వచ్చి, పేలని మందును జాగ్రత్తగా తీసేసి, వరలు దింపారు. హాస్టలు పిల్లలు ఇప్పటికీ ఆ నీళ్లే తాగుతున్నారు. కానీ దావీదు మేస్త్రికి మళ్లీ ఎవరూ బావి ఇవ్వలేదు. మనిషి లోపల ఉండగానే మందు పేల్చబోయినోడు అనే మాట ఊళ్లన్నీ తిరిగింది. ఆయన మందిరం ఊడ్చేవాడు, ఎడమ చేత్తో గంట కొట్టేవాడు. నాకు ఉద్యోగం వచ్చింది. చెప్పడానికి పోయినప్పుడు, తాతా, ఆదివారం సంఘంలో నిలబడి నిజం చెప్పేస్తా అన్నాను. ఆయన చీపురు గోడకు ఆనించాడు.

“సెప్తే నిన్ను ఇంక ఏ బావి కాడ నిలబడనియ్యరు. నిలబడాలె నువ్వు. భయం ఎరుకైనోళ్లే గడ్డ మీద ఉండాలె బిడ్డా,” అన్నాడు.

నేను ఆ మాట వెనక దాక్కున్నాను. ఆరేళ్ల కిందట ఆయన చనిపోయాడు. పోవడానికి వారం ముందు నత్తగుల్లల డబ్బాను ఏలియాతో నాకు పంపించాడు. సమాధి దగ్గర మాట్లాడిన ఒక పెద్ద మంచి మాటలే చెప్పి, చివరన మాత్రం, ఒక్క పొరపాటు తప్ప మచ్చలేని మనిషి అన్నాడు. ఆ పొరపాటు నాది. నేను మట్టి వేసి ఇంటికి వచ్చాను.

బోరు దగ్గర ఆ వాసన వచ్చిన వారానికే మోస్రా పోయాను. సైలు ఇప్పుడు అక్కడ ట్రాక్టర్లకూ వరికోత మిషన్లకూ పంక్చర్లు వేసే కొట్టు నడుపుతున్నాడు. కొంచెం కుంటుతాడు. నన్ను చూసి స్టూలు తుడిచి వేశాడు. నేను కూర్చోకుండానే చెప్పేశాను, ఆ రోజు లెక్క మేస్త్రిది కాదనీ, నాదనీ. అతను ట్యూబును నీళ్ల తొట్టిలో ముంచి బుడగ కోసం చూస్తూనే ఉన్నాడు.

“నాకెరుకే అక్కా,” అన్నాడు. “బావిల పైన గుసగుస వెట్టినా కిందికి ఇనొస్తది. ఉన్న, ఉన్న అని మొత్తుకున్న. పాట సప్పుడుల మీకు ఇనరాలే. నీ మాట నాకు ఇనొచ్చింది. ఎవ్వలు లేరు తాతా అన్నవ్.”

నేను స్టూలు మీద కూలబడ్డాను. పద్దెనిమిదేళ్లు ఆ మాటను నేనొక్కదాన్నే మోస్తున్నాననుకున్నాను. ఆ మాట ఎవరి చావునైతే పలికిందో ఆ మనిషి చెవిలోనే అది ఇన్నేళ్లూ ఉంది. ఎందుకు చెప్పలేదని అడిగాను. ముసలాయన బావి అడుగున సైలు కాలు లాగుతూ ఒక్కటే మాట అన్నాడట, నువ్వు ఇన్నది ఈడనే ఇడిసిపెట్టి ఎక్కు అని. కోపం రాలేదా అన్నాను. వచ్చిందన్నాడు. వానాకాలం కాలు గుంజినప్పుడు ఇప్పటికీ వస్తుందన్నాడు. తర్వాత ట్యూబు పైకి తీసి, నా వైపు సూటిగా చూశాడు.

“గప్పటి సంది కండ్లు మూసుకున్నవా, గడ్డ మీద?”

లేదన్నాను. అది నిజం. నీళ్ల పని జరిగే ఏ చోటైనా, ఎవరు ఎంత చెప్పినా, నేను వంగి చూసి, పేరుపేరునా పిలిచి, జవాబు విన్నాకే చెయ్యి ఊపుతాను. నల్లరాయి ఎంత గట్టిగా మోగినా దాని కింద ఒక మెత్తని నిశ్శబ్దం ఉంటుందని, అందులో నిమ్మళంగా బతుకుతున్నవాళ్లకు ఏమీ తెలియదని నాకు గుర్తుంటుంది. మందిరంలో కూడా నా కళ్లు తెరిచే ఉంటాయి. నాకు భక్తి తగ్గిందని కొందరు అనుకుంటారు.

అయితే సైలు ఇంకొకటి అడిగాడు. నేను బతికిన, నువ్వు బతికినవ్, మరి ముసలోని పేరు సంగతేంది అన్నాడు.

అందుకే ఇది రాస్తున్నాను. వచ్చే ఆదివారం మా సంఘంలో లేచి నిలబడి, లెక్క నాదని చెబుతాను. ఏలియా ముందు వరసలో ఉంటాడు. ఆ తర్వాత నన్ను ఏమంటారో, ఏ బావి దగ్గర నిలబడనిస్తారో తెలియదు. చదువుతున్న అన్నలారా, అక్కలారా, ఒక్క నిమిషం నాతో కలిసి ప్రార్థించండి. తండ్రీ, నీ దాసుడు దావీదు పేరు మీద నేను వేసిన రాతిని నా నోటితోనే తీయించు. వరసలో నిలబడినప్పుడు నా గొంతు మూగబోనివ్వకు. ఈ రోజు ఏ బావిలోనైనా, ఏ గోతిలోనైనా ఉన్న ప్రతి మనిషి చెప్పులూ బయటికి ముఖం పెట్టి ఎదురుచూస్తుండగా, వాళ్లను చివరి మనిషి దాకా పైకి తీసుకురా. ఆమేన్ అనండి. కళ్లు మాత్రం మూసుకోకండి.